ఈశాన్యంలో నిప్పు

సోమవారం పొద్దున తొమ్మిదో నంబరు ప్లీడరు గారి తెల్లచొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె నడుస్తున్నప్పుడు వీరభద్ర స్కూటరు వచ్చి బండి పక్కన ఆగింది. రామలక్ష్మమ్మ తలెత్తలేదు. కాలరు మధ్యలో వదిలేసి పలకరింపులకు దిగితే ఆ తెలుపు మీద గోధుమరంగు మచ్చ పడుతుంది, ప్లీడరు గారు ఆ మచ్చను పట్టుకుని వారం రోజులు వాదిస్తాడు. ఆమె కాలరును రెండు కొసల నుంచి మధ్యకు తెచ్చి, పెట్టెను ఇటుక మీద నిలబెట్టి, అప్పుడు కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమప్పా, పొద్దున్నే వచ్చినావు. బట్టలేమన్నా ఉండాయా?"

"బట్టల్లేవక్కా. ఒక మాట చెప్పాల."

వీరభద్రది ఆలూరు దగ్గర, ఆమె పుట్టిన ఊరికి రెండూళ్ల అవతల. ఒక దిక్కు వాళ్లమని ఇద్దరికీ కాస్త చనువు. ఇళ్ల బ్రోకరు. నవాబు తోటలో ఏ గేటుకైనా 'అమ్మబడును' అని బోర్డు పడిందంటే కింద ఉండే ఫోను నంబరు అతనిదే.

నవాబు తోట ఒకప్పుడు నిజంగానే తోట. తుంగభద్ర గాలి తగిలే చోటని ప్లీడర్లు, ఇంజనీర్లు కొనుక్కుని బంగళాలు కట్టారు. ఎత్తు వరండాలు, రంగు అద్దాల కిటికీలు, గుర్రపు బగ్గీ నిలుపుకోవడానికి రోడ్డు మీదికి తలుపులున్న కొట్టాలు. వాటిలో ఇప్పుడు సగం మిగిలాయి. పోయిన సగం చోట అపార్టుమెంట్లు లేచాయి, కూలగొట్టిన బంగళాల ఫొటోలు వాటి లిఫ్టుల పక్కన పటాలు కట్టి వేలాడుతున్నాయి. కర్నూల్లో ఎవరైనా నవాబు తోటలో ఉంటామని చెబితే ఎదుటివాడు కుర్చీ కాస్త ముందుకు జరుపుతాడు. ఇక్కడ సెంటు ధర ఉగాదికి ఒక మాట, దసరాకు ఇంకొక మాట.

"ఈ పద్నాలుగో నంబరు అమ్ముడుపోతాండాది," అన్నాడు వీరభద్ర, ఆమె వెనకాల గోడ వైపు గడ్డం ఎత్తి చూపిస్తూ. "నంద్యాల డాక్టరు. ఈ ఆదివారం లోపల అగ్రిమెంటు రాసుకోవాల. సోమవారం నుంచి మూఢం. మూఢంలో ఎవురూ సంతకం పెట్టరు."

"కొనుక్కోనీ. డాక్టర్ల ఇంట్లో తెల్లకోట్లు శానా ఉంటాయి."

"ఆడనే చిక్కు వచ్చింది. నిన్న మధ్యాన్నం సిద్ధాంతిని పిలుచుకోనొచ్చినారు. ఇల్లంతా బాగుండాదన్నాడు. నీ బండి సూసి మొగం ముడుచుకున్నాడు. ఈ మూల ఇంటికి ఈశాన్యమంట. ఈశాన్యంలో దేముడుండాల, నీళ్లుండాల. నిప్పు ఉండకూడదంట."

రామలక్ష్మమ్మ వెనక్కి తిరిగి చూసింది. పద్దెనిమిదేళ్లుగా తన వీపు వెనక ఉన్న మూలకు అలాంటి పేరొకటి ఉన్నట్టు ఆమెకు ఆరోజే తెలిసింది. ఆ మూలలో ఒక కానుగ చెట్టు, దాని నీడలో బండి. పద్నాలుగో నంబరు ప్రహరీ అక్కడ అయిపోతుంది. దానికి ఉత్తరాన జైనాబ్ టీచరమ్మ వాళ్ల పదిహేనో నంబరు మొదలవుతుంది. రెండిళ్లకూ నడుమ గోడ ఒకటే, రెండిళ్ల గేట్లూ తూర్పున ఉన్న ఇదే రోడ్డు మీదికి.

"నా బండి రోడ్డు మీద ఉండాది కదప్పా. వాళ్లింట్లో లేదు కదా."

"గోడకు ఆనుకోని ఉండాది. నిప్పు నిప్పే అంటాడు ఆయన. నిన్ను కష్టపెట్టాలని కాదక్కా. కల్లూరు దిక్కు శానా ఇండ్లు లేస్తాండాయి. ఆడ స్థలం నేనే సూపిస్తా, బండి నేనే పంపిస్తా. చేతికి కొంచెం దుడ్లు కూడా ఇప్పిస్తా."

"కల్లూర్లో ఇస్త్రీ చేసేటోళ్లు లేరా?"

వీరభద్ర స్కూటరు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. కల్లూరులో అపార్టుమెంటుకొక ఇస్త్రీ బండి ఉందనీ, ఒకరి సెల్లారులో ఇంకొకరు అడుగు పెడితే జుట్లు పట్టుకుంటారనీ అతనికీ తెలుసు.

"బుధవారం మళ్లా వస్తారు. ఆలోపల తీసెయ్యక్కా," అని వెళ్లిపోయాడు.

ఆమె పెట్టె మూత తీసి బొగ్గుల మీది బూడిద ఊదింది. చేతికి పని దొరికితే మనసు కుదురుతుందని ఆమె నమ్మకం. ఈసారి కుదరలేదు. ఈ మూల నుంచి ఆ వైపు ఇరవై ఇళ్లు, ఈ వైపు ఇరవై రెండు. ఎవరి గంజి ఎంత, ఏ పట్టుచీరకు పైన గుడ్డ వేసి నడపాలి, ఏ ఇంట్లో ప్యాంటుకు రెండు గీతలు పడితే ఊరుకోరు, అన్నీ ఆమె చేతుల్లో ఉన్నాయి. ఆ నలభై రెండు ఇళ్లతోనే ఆమె ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. బండిని ఎక్కడికైనా తోసుకుపోవచ్చు, ఆ ఇళ్లను తోసుకుపోలేదు కదా. సాయంత్రం బండి మీద పట్టా కప్పి తాడు కట్టేటప్పటికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. పోనని.

మంగళవారం మూటలు ఇచ్చివచ్చే రోజు. ప్రతి గుమ్మంలోనూ మూట దించి, బట్టలు లెక్క చూపించి, ఆ తర్వాత సంగతి చెప్పింది. బతిమాలలేదు. ఇట్లంటున్నారు, మీరేమంటారని అడిగింది, అంతే.

ప్లీడరు గారు కళ్లద్దాలు తీసి, రోడ్డు పక్క స్థలం మునిసిపాలిటీదనీ, పద్నాలుగో నంబరు వాళ్లకు దాని మీద ఏ హక్కూ లేదనీ సెక్షన్లతో సహా చెప్పాడు. ఆమె మొహం విప్పారింది. "ఆ మాటే మీరొచ్చి వాళ్లకు చెప్పండి సార్," అంది. ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. ఇరుగుపొరుగు మధ్య తాను తలదూర్చడం బాగుండదన్నాడు. ఇరవయ్యొకటో నంబరు ఆవిడ మాత్రం నిజంగా కంగారుపడింది. "నువ్వు పోతే మా కాటన్ చీరల గతేం కావాలి రామలక్ష్మమ్మా," అని బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. ఆ కంగారులోనే, కల్లూరు నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చి మూట తీసుకుపోవడానికి వీలవుతుందేమో చూడమంది.

చివరికి కాలనీ సంఘం సెక్రెటరీ ఏసేపు సార్ ఇంటికి పోయింది. నీటిపారుదల శాఖలో చేసి రిటైరయిన మనిషి. వీధిలో ట్యాంకరు ఎప్పుడు రావాలో, కుక్కలకు ఎవరు అన్నం పెట్టకూడదో ఆయనే నోటీసు అంటిస్తాడు. మొక్కలకు నీళ్లు పడుతూ అంతా విన్నాడు.

"చూడమ్మా, నేను ఆదివారం చర్చికి పోయే మనిషిని. నాకు ఈశాన్యమూ తెలీదు, నైరుతీ తెలీదు."

"మరి మీరు చెప్తే వింటారు కదా సార్."

"వింటారు. కానీ ఎందుకు చెప్తానమ్మా? ఆ ఇల్లు మంచి రేటుకు పోతే రేపు నా ఇంటికీ అదే రేటు చెప్పుకోవచ్చు. ఈ వీధిలో అందరూ లోపల అనుకునేది అదే, పైకి చెప్పరు. నేను చెప్తాండా. మనసులో పెట్టుకోవద్దు."

అన్ని ఇళ్లూ తిరిగినాక ఒక్క నిజమైన మాట విన్నందుకు ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. గేటు దాటుతుంటే వెనక్కి పిలిచి, గురువారానికి కావాలని మూడు ప్యాంట్లు చేతిలో పెట్టాడు. ఆమె తీసుకుంది. గురువారం తాను ఎక్కడ ఉంటుందని ఆయన అనుకుంటున్నాడో అడగలేదు.

టీచరమ్మ గేటుకు తాళం వేసి ఉంది. కల్లూరులో చెల్లెలితో కలిసి ఫ్లాటు చూడ్డానికి పోయిందని పాలవాడు చెప్పాడు.

బుధవారం ఏడు గంటలకు బొగ్గుల సంచీ నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి మూలలో బండి లేదు. చక్రాల కింద పెట్టే నాలుగు ఇటుకలున్నాయి. చుట్టూ కానుగ పూలు రాలి ఉన్నాయి, బండి ఉన్నంత మేర మాత్రం నేల బోసిగా ఉంది. రామలక్ష్మమ్మ సంచీ దించకుండా అక్కడే నిలబడిపోయింది. ఇల్లు కాలిన చోట నిలబడ్డట్టు ఉంది ఆమెకు.

"ఆడ కాలువ గట్టు కాడ ఉండాదమ్మా," అంది వీధి ఊడ్చే మద్దమ్మ చీపురు ఆపి. "తెల్లారకుండానే ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకుపోయినారు. నేను అడిగితే నన్ను ఊడ్చుకోమన్నారు."

బండి వీధి చివర చెత్త డబ్బాల పక్కన పడి ఉంది. పట్టా సగం జారింది. బల్ల మీద పరిచే దుప్పట్ల మీద కాకులు రెట్టలు వేశాయి. ముందు చక్రం ఒకటి వంకరపోయింది. ఆమె దుప్పట్లు తీసి, దులిపి, రెట్ట లోపలికి పోయేటట్టు మడతపెట్టింది. బొగ్గుల సంచీ బండి మీద పడేసి, చీర కుచ్చెళ్లు ఎగదోపి, తోయడం మొదలుపెట్టింది.

అది వీధిలో అందరూ వాకింగు చేసే వేళ. తెల్ల బూట్లు వేసుకున్నవాళ్లంతా రోడ్డు దిగి ఆమెకు దారి ఇచ్చారు. దారి ఇవ్వడంలో నవాబు తోట వాళ్ల మర్యాదకు వంక పెట్టలేము. వాళ్లు తొడుక్కున్న బనియన్ల దగ్గర్నుంచి ప్రతి గుడ్డా ఈ బండి మీద నుంచి పోయినదే. ఏసేపు సార్ చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి ఏదో అనబోయి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆమె ఎవరి మొహమూ చూడలేదు. పదడుగులకొకసారి వంకర చక్రం మొరాయిస్తే ముందుకు పోయి దాన్ని కాలితో తన్ని, మళ్లీ వెనక్కి వచ్చి తోస్తోంది. ఏడిస్తే ఊపిరి చాలదు, ఊపిరి తోయడానికి కావాలి, అందుకని ఏడవలేదు. సగం దారిలో బండి ఉన్నట్టుండి తేలికైంది. చూస్తే మద్దమ్మ చీపురు చంకలో పెట్టుకుని పక్క నుంచి భుజం ఆనించింది.

తొమ్మిదిన్నరకు బండి మళ్లీ దాని ఇటుకల మీద ఉంది. ఆమె కొబ్బరి పీచు ముట్టించి, బొగ్గులు పేర్చి, అట్టముక్కతో విసిరింది. పదింటికి డాక్టరు కారు వచ్చి ఆగింది. డాక్టరు, ఆయన భార్య, చేతిలో దిక్సూచి పెట్టుకుని సిద్ధాంతి దిగారు. వెనకే స్కూటరు మీద వచ్చిన వీరభద్ర బండిని చూసి, స్కూటరు స్టాండు వేయడం మరిచిపోయాడు.

"అక్కా, నేను చెప్పినా కదా," అన్నాడు గొంతు తగ్గించి.

"నువ్వు చెప్పినావు. నేను విన్నా. బండిని ఈడ్చుకుపోతామని మాత్రం నువ్వు చెప్పలేదు."

"అది నేను కాదు, పద్నాలుగో నంబరు ఓనరు పని."

ఆమె అతన్ని దాటి సిద్ధాంతి దగ్గరికి వెళ్లింది. అడగాలని రాత్రి నుంచీ అనుకుంటున్న మాట ఒకటుంది. పెద్దమనిషిని అడగొచ్చో లేదో తెలియక ఆగింది. బండి తోసుకొచ్చినాక ఆ సంకోచం పోయింది.

"స్వామీ, నిప్పు యాడా ఉండకూడదా? ఈడ మాత్రమే ఉండకూడదా?"

ఆయన విసుక్కోలేదు. తన విద్య గురించి ఎవరైనా శ్రద్ధగా అడిగితే సంతోషించే మనిషి. "నిప్పు లేని ఇల్లు ఇల్లెలా అవుతుందమ్మా? ఉండాలి. ఆగ్నేయంలో ఉండాలి. తూర్పుకూ దక్షిణానికీ నడిమి మూల. అది అగ్ని స్థానం. ఇది తూర్పుకూ ఉత్తరానికీ నడిమి మూల. ఇక్కడ కూడదు."

ఆమె రోడ్డు వైపు తిరిగి నిలబడింది. ఎదుట తూర్పు. పద్దెనిమిదేళ్లుగా పొద్దున్నే సూర్యుడు ఆమె కళ్లలోనే పొడుస్తున్నాడు, ఆ సంగతి దిక్సూచి చెప్పనక్కర్లేదు. కుడిచేతి వైపు దక్షిణం, అటు పద్నాలుగో నంబరు. ఎడమచేతి వైపు ఉత్తరం, అటు పదిహేనో నంబరు. వెనక్కి జరిగి, రెండిళ్ల నడిమి గోడ రోడ్డును తాకే చోట చెయ్యి ఆనించింది.

"ఈ గోడకు ఇటు పక్కనోళ్లకు ఇది ఈశాన్యం. అటు పక్క టీచరమ్మ ఇంటికి ఇదే చోటు ఏ మూలైతాది స్వామీ?"

సిద్ధాంతి దిక్సూచి చూశాడు. గోడ చూశాడు. నాలుగడుగులు ఉత్తరానికి వేసి, పదిహేనో నంబరు ప్రహరీ ముందు నిలబడి మళ్లీ చూశాడు. వీరభద్ర ఫోను తీసి రాని మెసేజీలు చదువుతున్నాడు.

"ఆగ్నేయం," అన్నాడు సిద్ధాంతి. ఆయన తన శాస్త్రం దగ్గర అబద్ధం ఆడడు. "గోడకు అవతల అయితే ఆగ్నేయమే. సందేహం లేదు."

"అంటే ఇదే నిప్పు. ఈడుంటే కీడు, ఆడుంటే మేలు."

"అంతేనమ్మా."

డాక్టరు నవ్వాపుకోవడానికి మొహం పక్కకు తిప్పాడు. ఆయన భార్య నవ్వలేదు. గోడకు అవతల ఎర్ర పెంకుల వరండా వైపు, రంగు అద్దాల వైపు చూస్తూ నిలబడింది.

పదిహేనో నంబరు గేటు తీసుకుని జైనాబ్ బీ బయటికి వచ్చింది. ముప్పై ఏళ్లు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా దిగిపోయిన మనిషి. తెల్లవారి ట్రాక్టరు చప్పుడు, ఇప్పుడీ మాటలు అన్నీ విన్నట్టే ఉంది. ఎవరినీ పలకరించకుండా తన ప్రహరీ మూలలో ఉన్న పాత బగ్గీ కొట్టం తలుపుల దగ్గరికి పోయి తాళంచెవి తిప్పింది. తాళం రాలేదు.

"కొబ్బరినూనె ఏమన్నా ఉందా రామలక్ష్మమ్మా?"

బండి కింద సీసాలో ఉంది. ఇద్దరూ కలిసి తాళానికి, గడియకు పోసి, గుంజగా గుంజగా తలుపులు తెరుచుకున్నాయి. లోపల విరిగిన కుర్చీలు, ఒక పాత సైకిలు, మోకాలెత్తు దుమ్ము. పైన మాత్రం గట్టి కప్పు. బండి రావడానికి అటూ ఇటూ జానెడు సందు మిగిలే వెడల్పు.

"నాకు మూలల పట్టింపు లేదు. నీ బండిని చెత్తకుప్పలో పడేసినారు, అది మాత్రం పట్టింది," అంది టీచరమ్మ. "లోపలికి తోసుకో."

రామలక్ష్మమ్మ తోయలేదు. "బాడుగెంతమ్మా?"

"బాడుగేంది? ఉత్తగా పడుండే కొట్టం."

"ఉత్తగా ఉంటే ఉత్తగానే పొమ్మంటారు టీచరమ్మా. నెలకింత అని చెప్పండి. చీటీ రాయండి."

జైనాబ్ బీ ఒక క్షణం ఆమెను చూసి, లెక్క సరిగ్గా చేసిన పిల్లను చూసినట్టు తల ఊపింది. అప్పటికప్పుడు పాత డైరీలో కాగితం చింపి, నెలకు ఇంత అని రాసి ఇచ్చింది.

గురువారం ఏసేపు సార్ ప్యాంట్లు చెప్పిన వేళకే అందాయి. కొట్టంలో ఎండ పడదు, గాలికి బూడిద లేవదు. బల్ల పక్కన గోడకు మేకులు కొట్టి ఆమె మూటలు నంబర్ల వరసన వేలాడదీసింది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి మధ్యాహ్నం గోడకు వీపు ఆనించి కూర్చుని అన్నం తింది. అయినా అన్నం సహించలేదు. టీచరమ్మ ఇల్లు కూడా అమ్మకంలోనే ఉంది మరి. నలుగురు అక్కచెల్లెళ్ల వాటాలు తేలాలి. రెండేళ్లుగా ఎవరు వచ్చినా తిన్నగా లోపలికి పోయి, వంటిల్లు ఈశాన్యంలో ఉందని చూసి, తిరిగి పోతున్నారు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు కొంటారు. ఆ వచ్చేవాళ్లకు టీచరమ్మ డైరీ కాగితం ఒక లెక్కా?

ఆ వచ్చేవాళ్లు శుక్రవారమే వచ్చారు. డాక్టరు గారి భార్య డాక్టరమ్మ, సిద్ధాంతి. వీరభద్ర లేడు. డాక్టరమ్మకు మొదటి నుంచీ ఈ ఇంటి మీదే మనసట, వంటిల్లు చూసి వెనకాడిందట. సిద్ధాంతి ఇంట్లోనూ పెరట్లోనూ గంటసేపు తిరిగి, చివరికి కొట్టం ముందు వచ్చి నిలబడ్డాడు. పెట్టెలోని ఎర్రటి బొగ్గుల వైపు చూస్తూ డాక్టరమ్మతో చెప్పాడు. వంటిల్లు తప్పు చోటే ఉంది, కానీ ఆగ్నేయంలో నిత్యం నిప్పు ఉంటే ఆ దోషానికి అదే పరిహారం. ఇల్లు పగలగొట్టనక్కర్లేదు. నిప్పు మాత్రం తప్పకూడదు.

"రోజూ వెలుగుతుందా ఇది?" అని డాక్టరమ్మ అడిగింది. సిద్ధాంతిని అడిగింది, పెట్టె పట్టుకుని నిలబడ్డ మనిషిని కాదు.

"ఆదివారం తప్ప," అంది రామలక్ష్మమ్మ.

శనివారం వీరభద్ర వచ్చాడు. అతని మొహంలో కోపం లేదు. పద్నాలుగైనా పదిహేనైనా కమిషను అతనిదే. పైగా పద్నాలుగో నంబరుకు ఇంకొకర్ని తెచ్చుకోవచ్చు, ఇప్పుడు ఆ ఈశాన్యంలో నిప్పు కూడా లేదు.

"అక్కా, రేపు పది నలభైకి ముహూర్తం. టీచరమ్మ వరండాలోనే అగ్రిమెంటు. ఆ టైముకు ఈడ నిప్పు రాజుకోని ఉండాలంట. డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది."

"రేపు ఆదివారం. నాకు సెలవప్పా."

"ఈ ఒక్క ఆదివారం. నువ్వు ఈడ్నే ఉండేటట్టు కాగితంలో కూడా రాస్తాండాం. వాళ్లే రాయమన్నారు."

ఆమె చేతిలోని చీర మడత అక్కడే ఆపింది. నలభై రెండు ఇళ్ల బట్టలు మడతపెట్టిన ఇన్నేళ్లలో నువ్వు ఇక్కడ ఉండాలని ఒక్కరూ అనలేదు. మంగళవారం గడప గడపకూ పోయి అడిగినా అనలేదు. ఇప్పుడు ఉండమంటున్నారు, బొగ్గులు సరైన మూలలో ఉన్నాయని. కోపం వచ్చింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది. రెండూ మింగి, "వస్తాలే," అంది.

ఆదివారం వరండాలో బల్ల చుట్టూ కుర్చీలు వేశారు. డాక్టరు, డాక్టరమ్మ, సిద్ధాంతి, అక్కచెల్లెళ్ల తరఫున కూడా సంతకం పెట్టే టీచరమ్మ, కాగితాల సంచీతో వీరభద్ర. కొట్టం నుంచి వరండాకు పది అడుగులు. రామలక్ష్మమ్మ పెట్టెలో బొగ్గులు పేర్చి, మధ్యలో కొబ్బరి పీచు దూర్చి, అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని వరండా మెట్ల దగ్గరికి వచ్చింది. అప్పటికి పదిన్నర.

"ముట్టించలేదా ఇంకా?" అన్నాడు వీరభద్ర.

"నా గురించి రాసినారన్నావు కదప్పా. ఒకసారి చదివించు."

టీచరమ్మ స్టాంపు కాగితం తీసుకుని, వేలితో వెతికి, గట్టిగా చదివింది. "ఇంటి ఆగ్నేయ మూలన గల పాత బగ్గీ కొట్టమునందు నిత్యము నిప్పు ఉండునట్లుగా ఒక ఇస్త్రీ బండిని, ఇప్పటి బాడుగకే, కొనసాగించుటకు కొనుగోలుదారులు ఒప్పుకోవడమైనది."

"ఇంకొకసారి చదవండమ్మా."

టీచరమ్మ మళ్లీ చదివింది. ఈసారి మధ్యలో ఆమె గొంతు నెమ్మదించింది. ఏం జరగబోతోందో ఆమెకు తెలిసిపోయింది.

"ఒక ఇస్త్రీ బండి," అంది రామలక్ష్మమ్మ. "ఎవురి బండి?"

"నీదే కదక్కా. ఇంకెవురిదుండాది ఈడ?"

"ఈ రోజు నాదే. రేపు ఇంకొక బండి తెచ్చి ఈడ పెడితే కాగితం ఒప్పుకుంటాది. ఎవురో ముసలామెను కూర్చోబెట్టి రెండు బొగ్గులు ముట్టించమన్నా ఒప్పుకుంటాది. నిప్పును రాసినారు, బండిని రాసినారు. నన్ను రాయలేదు. నా పేరు రాయండి."

డాక్టరు కుర్చీలో కదిలాడు. మర్యాదగానే చెప్పాడు. "పేరు రాస్తే రేపు హక్కు అంటావు కదమ్మా. మేము నిన్ను పొమ్మనంలే. మాట ఇస్తున్నా."

"మాటలు పోయిన వారం నలభై రెండు ఇండ్లల్లో విన్నా సార్. అందరూ మంచోళ్లే." ఆమె గొంతు పెంచలేదు. "పేరు రాస్తే ముట్టిస్తా. ల్యాకపోతే ఈ పొద్దు ఆదివారం, నాకు సెలవు."

వెనక్కి తిరిగి కొట్టంలోకి పోయి, ఇటుక మీద కూర్చుని, అగ్గిపెట్టె ఒళ్లో పెట్టుకుంది. ఇది చెడిపోతే టీచరమ్మ ఇల్లు కూడా చెడిపోతుంది, చెడగొట్టింది తానే అవుతుంది. ఈ కొట్టమూ ఉండదు, రేపటి నుంచి ఏ గోడ వారనో తెలియదు. అయినా లేవకూడదనుకుంది. ఇప్పుడు లేస్తే ఇక ఎప్పుడూ ఎవరో ఈడ్చిన చోటికి వెతుక్కుంటూ పోవలసిందే.

వరండాలో వీరభద్ర ఏదో సర్దిచెబుతున్నాడు. సిద్ధాంతి గడియారం చూసి, పది నలభైకి మొదలై పది యాభై ఎనిమిదికి అయిపోతుందని చెప్పాడు. డాక్టరు టీచరమ్మ వైపు తిరిగి, మీరైనా చెప్పండి అన్నాడు.

టీచరమ్మ కళ్లజోడు మడిచి ఒళ్లో పెట్టుకుంది. "నాకేం తొందర లేదండీ. మూఢం వెళ్లిపోయినాక కూడా ఇల్లు ఇక్కడే ఉంటుంది. కొనేవాళ్లకు నిప్పు కావాలి, అది ఆమె చేతిలో ఉంది. నేనేం చెప్పేది?"

రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు పోయింది. పది నలభై నాలుగు అయిందని సిద్ధాంతి మెల్లగా అన్నాడు.

"రాయండి," అంది డాక్టరమ్మ. "పేరే కదా. రాసెయ్యండి."

వీరభద్ర పెన్ను తీసి, 'ఒక ఇస్త్రీ బండిని' అన్న చోట 'ఒక' కొట్టేసి, పైన సందులో రాయడానికి వంగాడు. వంగి ఆగిపోయాడు.

"అక్కా, మీ ఇంటి పేరేంది?"

"చిప్పగిరి," అని కొట్టంలోంచే చెప్పింది. "చిప్పగిరి రామలక్ష్మమ్మ. ఆధారు నంబరు కూడా రాయి. ఈ పేరుతో మన దిక్కు ఊరికి పది మంది ఉండారు."

ఆధారు కార్డు ఆమె రవికెలోని చిన్న సంచీలో సిద్ధంగా ఉంది. వీరభద్ర వచ్చి తీసుకుపోయి, అంకెలు ఒకటొకటిగా ఎక్కించాడు. చేత్తో దిద్దిన చోట పక్కన కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ సంతకం చేయాలి. డాక్టరు చేశాడు, టీచరమ్మ చేసింది. ఆ తర్వాత టీచరమ్మ కళ్లజోడు పెట్టుకుని, బళ్లో హాజరు పిలిచినంత స్పష్టంగా, ఆ వాక్యం మొదటి నుంచి చివరి దాకా చదివింది. రామలక్ష్మమ్మ మొత్తం విని, పుల్ల గీసింది.

పీచు పొగ పట్టి, చిటపటమని అంటుకుంది. అట్టముక్కతో నాలుగు విసుర్లు విసిరేసరికి అంచు బొగ్గు ఎర్రబడింది. వరండాలో సంతకాలు మొదలయ్యాయి. అవి అయినాక డాక్టరమ్మ మెట్లు దిగి కొట్టం ముందుకు వచ్చింది, కళ్లు మూసుకుని, ఇస్త్రీ పెట్టెకు రెండు చేతులూ జోడించింది.

ఆ దండం తనకు కాదని రామలక్ష్మమ్మకు తెలుసు. పెట్టుకోనీ అనుకుంది. దండం నిప్పుది, కాగితంలో పేరు తనది. డాక్టరమ్మ కళ్లు తెరిచేదాకా ఓపిగ్గా ఆగింది.

"కొంచెం పక్కకు జరగమ్మా, వెలుతురుకు అడ్డమొస్తాండావు," అని, నిప్పు ఎటూ రాజుకుంది కదా అని, ఇరవయ్యారో నంబరు మూట దించి ముడి విప్పింది.